మీ డ్రాఫ్టు దిద్ది ఇవ్వని చోట ఇంటర్న్‌షిప్ చేయకండి

బెంగళూరు పీఆర్ (ప్రజాసంబంధాలు), కాపీరైటింగ్ (ప్రకటనల రాత) ఏజెన్సీల్లో ఇంటర్న్‌షిప్ కోసం అనంతపురం, చిత్తూరు, నెల్లూరు వైపు నుంచి వచ్చే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ, వాళ్లతో పని చేయించుకునే సీనియర్లకీ కలిపి ఒక మాట చెప్పాలి. రాసిన డ్రాఫ్టు దిద్దుబాట్లతో తిరిగి చేతికి రాకపోతే అక్కడ పని జరుగుతుంది కానీ చదువు జరగదు. మూడు నెలలు గడిచిపోతాయి, సర్టిఫికెట్ వస్తుంది, ప్రెస్ నోట్ రాయడం మాత్రం రాదు.

చేరగానే చేతిలో పెట్టేది ట్రాకర్. క్లయింటు పేరు, పోటీ కంపెనీల పేర్లు, ఆ రంగం వార్తలు పేపర్లలో వెతికి, హెడ్డింగు, పత్రిక, ఎడిషన్, పేజీ నంబరు, లింకు ఎక్సెల్‌లో ఎక్కించి తొమ్మిదిన్నరలోపు మెయిల్ కొట్టాలి. అంటే మారతహళ్లి పీజీలో పొద్దున ఆరున్నరకే లాప్‌టాప్ తెరవాలి. తెలుగు వచ్చినవాళ్లకే ఇది ఎందుకు అంటగడతారంటే, తెలుగు ఈ-పేపర్ పేజీలు చాలావరకు బొమ్మల రూపంలో ఉంటాయి. పేరు కొట్టి వెతికితే దొరకదు, గూగుల్ అలర్టుకూ చిక్కదు. కళ్లతో ఒక్కో పేజీ తిప్పాల్సిందే. పొరపాటు జరిగేది కూడా ఇక్కడే. బెంగళూరు ఎడిషన్ చూసి ఊరుకుంటారు, హిందూపురం షోరూమ్ వార్తేమో జిల్లా పేజీలో పడి ఉంటుంది. కంపెనీ పేరును ఒక్కో పత్రిక ఒక్కోలా రాస్తుంది కాబట్టి ఆ రకాలన్నీ ముందే రాసి పెట్టుకోవాలి. రెండు వారాలు ఈ పని చేస్తే ఏ పత్రిక ఏ వార్తను ఎక్కడ వేస్తుందో కంటికి అలవాటవుతుంది. అంతవరకూ మంచిదే. మూడు నెలలూ ఇదే చేయిస్తే మాత్రం దాన్ని దోపిడీ అనే అంటాను.

నెలాఖరున క్లయింటు వార్తలు ఎంత మేర పడ్డాయో చూపే కవరేజ్ రిపోర్టు. 4 కాలమ్‌ల వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న వార్త అంటే 60 కాలమ్ సెంటీమీటర్లు. దాన్ని ఆ పత్రిక ప్రకటన రేటుతో గుణిస్తారు. ప్రకటన కన్నా వార్తను జనం ఎక్కువ నమ్ముతారంటూ కొన్నిచోట్ల దాన్ని మళ్లీ మూడుతో గుణిస్తారు. ఇంత విలువైన ప్రచారం తెచ్చామని క్లయింటుకు చూపిస్తారు. ఏవీఈ, అంటే వార్తను ప్రకటన ధరతో తూచే లెక్క, ఇదే. పీఆర్ ఫలితాన్ని ఎలా కొలవాలో చెబుతూ 2010లో వచ్చిన బార్సిలోనా సూత్రాల్లోనే ఏవీఈ పీఆర్‌కు కొలమానం కాదని స్పష్టంగా చెప్పారు. అయినా కొత్తగా వచ్చిన పిల్లలకు ముందు నేర్పేది ఆ గుణకారమే అవడం నాకు బాధ కలిగిస్తుంది. చేయమంటే చేయండి. ఆ ఎక్సెల్‌లోనే పక్కన మరో మూడు కాలమ్‌లు మీరే పెట్టండి: మనం చెప్పాలనుకున్న ముఖ్య విషయం వార్తలో వచ్చిందా, కంపెనీ ప్రతినిధి మాట వేశారా, అది చదవాల్సిన ఊరి ఎడిషన్‌లోనే పడిందా. సీనియర్ చూసేది మొత్తం లెక్క, క్లయింటు అడిగేవి ఈ ప్రశ్నలు.

అసలు చదువంతా ప్రెస్ నోట్‌లో ఉంది. హెడ్డింగు ఎనిమిది, పది మాటలు. తర్వాత ఊరు, తేదీ. మొదటి పేరాలో ఎవరు, ఏం, ఎక్కడ, ఎప్పుడు అన్నది రెండు వాక్యాల్లో తేలిపోవాలి. రెండో పేరాలోనో మూడో పేరాలోనో ప్రతినిధి మాట, చివర కంపెనీ గురించి నాలుగు లైన్లు, ఫోన్ నంబరు. అంతా ఒక పేజీ దాటకూడదు. ‘దేశంలోనే అగ్రగామి సంస్థ అయిన మేము వినియోగదారుల సౌకర్యార్థం సరికొత్త అధ్యాయానికి శ్రీకారం చుట్టడం సంతోషదాయకం’ అని క్లయింటు పంపిస్తాడు. సబ్‌ఎడిటర్ అది చదవడు. ‘హిందూపురంలో శుక్రవారం కొత్త షోరూమ్ తెరిచారు, 40 మంది స్థానికులను ఉద్యోగాల్లోకి తీసుకున్నారు’ అని ఉంటే చదువుతాడు. ‘అగ్రగామి’ కొట్టేసి ఆ ‘40’ ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో, ఎవర్ని అడగాలో చూపించేవాళ్లు పక్కన ఉండాలి. నోట్‌లో వేసే ప్రతినిధి మాట మనమే రాస్తాం కాబట్టి, ఆయన దగ్గర్నుంచి సమ్మతి మెయిల్‌లో రావాలి. ఫోన్‌లో ‘ఓకే’ అన్నారంటే సరిపోదు, రేపు ‘నేనలా అనలేదు’ అంటే మీ చేతిలో ఏమీ ఉండదు.

చాలా ఏజెన్సీల్లో ఏం జరుగుతుందంటే, ఇంటర్న్ డ్రాఫ్టు పంపుతాడు, సీనియర్ హడావిడిలో తన సిస్టమ్‌లో మార్చేసి నేరుగా క్లయింటుకు పంపేస్తారు. ఏ వాక్యం ఎందుకు పోయిందో ఇంటర్న్‌కు ఎప్పటికీ తెలియదు. దీనికి విరుగుడు సులువే. క్లయింటుకు వెళ్లే చివరి మెయిల్‌లో మిమ్మల్ని సీసీలో పెట్టమని అడగండి. వర్డ్‌లో ‘కంపేర్’ నొక్కి మీ డ్రాఫ్టునూ చివరి కాపీనీ పక్కపక్కన పెట్టి చూడండి. అర్థం కాని మార్పులు రెండు ఎంచుకుని వెళ్లి అడగండి. రెండంటే ఎవరూ విసుక్కోరు.

లిస్టెడ్ కంపెనీ (స్టాక్ మార్కెట్లో షేర్లున్న కంపెనీ) నోట్ చేతికొస్తే మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. త్రైమాసిక ఫలితాలు, విలీనాలు స్టాక్ ఎక్స్ఛేంజీకి చేరకముందే మీ కంట పడితే, స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2015లో తెచ్చిన ఇన్‌సైడర్ ట్రేడింగ్ (లోపలి సమాచారంతో షేర్ల వ్యాపారం) నిబంధనలు మీకూ వర్తిస్తాయి. ఆ షేరు కొనడం ఎంత తప్పో, పీజీలో రూమ్మేట్‌కు చెప్పడం అంతే తప్పు. ఆ సమాచారం ఎవరెవరికి చేరిందో, వాళ్ల పేరు, పాన్ నంబరుతో సహా కంపెనీ నమోదు చేయాలి. మీ పాన్ అడిగేది అందుకే. చేరిన రోజునే చెప్పాల్సిన ఈ సంగతి ఇంటర్న్‌లకు ఎవరూ చెప్పకపోవడం క్షమించరానిది.

తెలుగు నోట్ సంగతి. ‘ఇంగ్లిష్‌ది తెలుగులో కొట్టెయ్, అరగంట పని’ అంటారు. అరగంటలో అయ్యేది కాదు, అవుతుందని ఒప్పుకోకండి. 25 మిలియన్ అంటే రెండున్నర కోట్లు, ఒక బిలియన్ అంటే వంద కోట్లు. తొందరలో సున్నా జారేది ఇక్కడే. తర్వాత ఫాంటు. మీరు యూనికోడ్‌లో పంపుతారు, యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో పని చేసే పత్రికల డెస్క్‌లు దాన్ని మార్చుకోవాలి. ఆ మార్పిడిలో ఒత్తులు చెదిరితే పేరు తప్పు పడుతుంది. వర్డ్ ఫైలుతో పాటు పీడీఎఫ్ కూడా జతచేస్తే సరిచూసుకోవడానికి వాళ్లకు వీలుంటుంది. ఏజెన్సీ డిజైనర్‌కు తెలుగు రాకపోతే ఇంకో గండం. ఫోటోషాప్‌లో సెట్టింగు సరిగా లేకుండా తెలుగు పేస్ట్ చేస్తే ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా పడొచ్చు. అతనికి అది తెలియదు, అచ్చుకు పంపేస్తాడు. చివరి ఆర్ట్‌వర్క్ తెలుగు చదవగలిగిన మనిషి చూడాల్సిందే, అక్కడ ఉన్నది మీరొక్కరే కావచ్చు.

ప్రకటనల కాపీలోనూ లెక్కలుంటాయి. ఇంగ్లిష్ ఎస్సెమ్మెస్‌లో 160 క్యారెక్టర్లు పడితే తెలుగులో 70 మాత్రమే. ‘సంక్రాంతి’ చూడ్డానికి మూడక్షరాలు, ఫోన్ లెక్కలో తొమ్మిది. పైగా వ్యాపార ఎస్సెమ్మెస్ ముందే టెలికాం సంస్థల డీఎల్‌టీ వ్యవస్థలో నమోదు చేసిన టెంప్లేట్‌తో సరిపోవాలి, లేకపోతే వెళ్లదు. పండగ ముందురోజు రాత్రి క్లయింటు ఒక మాట మార్చమంటే మార్చి పంపడానికి వీలుండదని సీనియర్ చేత ముందే చెప్పించండి.

విలేకరులకు ఫోన్లు సాయంత్రం చేయకండి, వార్తలు పంపే హడావిడిలో ఉంటారు. పదకొండున్నర తర్వాత, భోజనానికి ముందు చేయండి. ‘మెయిల్ వచ్చిందా సార్’ అని కాదు, ఆయన రాసే రంగానికి ఇందులో కొత్తేముందో ఒక్క వాక్యంలో చెప్పండి. అందరికీ ఒకే మెయిల్ పంపేటప్పుడు అడ్రసులు బీసీసీలో ఉన్నాయో లేదో రెండుసార్లు చూసుకోండి.

చేరేముందు అడగాల్సినవి: స్టైపెండ్ ఎంత, ఏ తేదీకి పడుతుంది, రోజుకు ఎన్ని గంటలు, పొద్దున ట్రాకర్ చేసినరోజు సాయంత్రం ఎన్నింటికి వదులుతారు, నా డ్రాఫ్టులు దిద్దేది ఎవరు. ఇవన్నీ ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి. చివరి ప్రశ్నకు ఒక మనిషి పేరు చెప్పలేని ఏజెన్సీలో చేరకండి. సీనియర్లకు నా విన్నపం వారానికి ఒక డ్రాఫ్టు, ఇరవై నిమిషాలు. వర్డ్‌లో మార్పులన్నీ కనిపించేలా ట్రాక్ చేంజెస్ ఆన్ చేసి దిద్ది, ఆ ఫైలు వెనక్కి పంపండి. వెళ్లేటప్పుడు అచ్చయిన నోట్ల లింకులు తీసుకెళ్లడానికి మెయిల్‌లో అనుమతి ఇవ్వండి, అచ్చు కానివి ఏజెన్సీలోనే ఉంచేయమనండి.