15 ఏళ్లదాకా ఎవరూ చూడని కుటుంబ బండి

మా ఎస్‌యూవీకి 11 ఏళ్లు. నల్లగొండలోనే కొన్నాం, ఇక్కడే తిరుగుతోంది. ఇన్నేళ్లలో ప్రభుత్వం తరఫున ఒక్కరు కూడా దాని కిందికి వంగి చూడలేదు. చూడాలని చట్టమూ చెప్పడం లేదు.

మొన్నటి ఎండాకాలం శ్రీశైలం బయల్దేరే ముందు మెకానిక్ దగ్గర బండిని పైకి లేపించాం. ముందు ఎడమ చక్రం దగ్గర, చక్రాన్ని సస్పెన్షన్‌కు (గుంతల కుదుపును తట్టుకునే భాగాలకు) కలిపే బాల్ జాయింట్ లూజు. బ్రేక్ ఆయిల్ నల్లబడిపోయింది. వెనక టైర్లకు గ్రిప్ బాగానే ఉంది గానీ సైడ్ వాల్ (టైరు పక్క భాగం) మీద సన్నటి పగుళ్లు. ఒక బ్రేక్ లైట్ వెలగడం లేదు, అది ఎప్పుడు పోయిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. బండి మాత్రం ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది, ఏసీ చల్లగా వస్తుంది, కడిగితే మెరుస్తుంది. అందుకే మాకు అనుమానం రాలేదు. మా అమ్మ, ఇద్దరు పిల్లలతో కలిపి ఏడుగురం ఆ బండిలోనే మన్ననూరు దాటి నల్లమల ఘాట్ ఎక్కి దిగాల్సినవాళ్లం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాతే బండిని చూపించి, ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. అదే మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తోలే డీసీఎం అయితే, ఎనిమిదేళ్ల వయసు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్‌కు వెళ్లాల్సిందే. మన దగ్గర మోటారు వెహికిల్ ఇన్‌స్పెక్టర్‌ను జనం ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే పిలుస్తారు. బండిని తనిఖీ చేయడమంటే ముందుగా బ్రేకులు చూడటమేనని జనానికి ఎప్పటినుంచో తెలుసు. వడ్ల బస్తాలకు ఉన్న ఆ రక్షణ పెళ్లికి వెళ్లే కుటుంబానికి ఎందుకు లేదన్నదే నా ప్రశ్న. సొంత కార్లకూ ఎనిమిదో ఏట ఒక పరీక్ష పెట్టాలంటాను.

బ్రిటన్‌లో ఈ పరీక్షను ఎంఓటీ అంటారు. 1960లో మొదలుపెట్టినప్పుడు పదేళ్లు దాటిన బళ్లకే పెట్టారు. ఫెయిలయ్యే బళ్లు మరీ ఎక్కువగా తేలడంతో త్వరలోనే ఏడేళ్లకు, 1967లో మూడేళ్లకు తగ్గించారు. ఇప్పుడు అక్కడ మూడేళ్లు నిండిన కారు ఏటా పరీక్షకు వెళ్లాలి. జర్మనీ, జపాన్‌లలో కూడా కొత్త కారుకు మూడేళ్లకు మొదటి తనిఖీ, తర్వాత రెండేళ్లకోసారి. బ్రిటన్‌లో 2018 నుంచి లోపాలను ప్రమాదకరం, పెద్దది, చిన్నది అని విడదీసి రాస్తున్నారు. ‘ఇప్పటికి పాస్, కానీ త్వరలో చూసుకోండి’ అనే సలహా కూడా ఆ కాగితంలో ఉంటుంది. బండి నంబర్ కొడితే పాత ఫలితాలు, ఆ రోజు మీటర్ మీద ఉన్న రీడింగ్ ఎవరైనా చూడొచ్చు.

అక్కడ ఏటా ఎక్కువగా ఫెయిలయ్యేవి లైట్లు, సస్పెన్షన్, టైర్లు, బ్రేకులు. మా బండిలో బయటపడినవీ సరిగ్గా ఈ నాలుగే. మనం సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు బానెట్ ఎత్తి ఇంజిన్ చప్పుడు వింటాం, పెయింట్ మీద చెయ్యి పెట్టి చూస్తాం. ప్రాణం మీదికి తెచ్చేవి ఆ రెండు చోట్లా ఉండవు.

టైర్ల సంగతి దక్షిణ తెలంగాణలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. చాలా ఇళ్లలో ఎస్‌యూవీ రోజూ తిరగదు. ఇంటి ముందు ఎండలో నిలబడి ఉంటుంది, పెళ్లిళ్లకూ జాతరలకూ బయటికొస్తుంది. అందుకే టైరు అరగదు, రబ్బరు మాత్రం ముసలిదవుతుంది. గ్రిప్ లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గకూడదని మన నిబంధనల్లో ఉంది. ఆ కొలత ప్రకారం మా పాత టైర్లు హాయిగా పాసవుతాయి! రోహిణి కార్తె ఎండలో గాలి తక్కువున్న టైరుతో, నిండా మనుషులతో 65వ నంబర్ హైవే మీద చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాకా వంద స్పీడులో వెళితే, సైడ్ వాల్ వంగి లేచిన ప్రతిసారీ వేడి పెరుగుతుంది. ముందే పగుళ్లున్న రబ్బరు ఆ వేడికి ఆగదు. టైరు మీద నాలుగంకెల నంబర్ ఒకటి ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. ఈ చిన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు, నాకూ మొన్నే తెలిసింది.

బ్రేక్ ఆయిల్ ఇంకా మోసకారి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. చాలా కార్లలో వాడే డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. ఊళ్లో తిరిగినంతకాలం తేడా తెలియదు. ఘాట్ దిగేటప్పుడు, చిన్న గేర్ వేయకుండా బ్రేక్ మీదే కాలు పెట్టి ఉంచితే, ఆయిల్ మరిగి బుడగలు వస్తాయి, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. డ్రైవర్‌కు తెలిసేది అప్పుడే.

సస్పెన్షన్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. నాట్ల కాలంలో కేజ్ వీల్స్‌తో (దమ్ము చేసే ఇనుప చక్రాలతో) ట్రాక్టర్లు రోడ్డెక్కి తారు లేపేసే ఊళ్లలో బుష్‌లు, లింక్ రాడ్లు ఎంతకాలం ఉంటాయో అందరికీ తెలుసు.

ఇప్పుడే ఈ మాట ఎందుకంటే, మన దగ్గర కుటుంబాలు ఎస్‌యూవీల వైపు పెద్ద ఎత్తున మళ్లిన తరం బళ్లు ముసలివవుతున్నాయి. ఎక్స్‌యూవీ 500 వచ్చింది 2011లో, డస్టర్ 2012లో, ఎకోస్పోర్ట్ 2013లో. వాటిలో మొదట అమ్ముడైనవి 15 ఏళ్ల గడప దగ్గరకొచ్చాయి. చేతులు మారి మారి మహబూబ్‌నగర్, వనపర్తి, దేవరకొండ లాంటి చోట్లకు చేరిన బండిని కొన్నవాడికి దాని గతం తెలిసే దారి లేదు. బండి నంబర్‌తో ఆన్‌లైన్‌లో వెతికితే ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ ఎప్పటిదాకా ఉన్నాయో కనిపిస్తుంది. బ్రేకులు ఎట్లున్నాయో కనిపించదు.

ఇంకో పరీక్ష అంటే ఇంకో ఫీజు, ఇంకో ఏజెంట్ అని జనం భయపడతారు. ఆ భయం న్యాయమైనదే. 15 ఏళ్లు దాటిన కారు రెన్యువల్ ఫీజును 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెంచినప్పుడు మధ్యతరగతికి ఎంత భారమైందో చూశాం. అందుకే ఎనిమిదో ఏట పెట్టే పరీక్ష ఫీజు ఒక లీటరు ఇంజిన్ ఆయిల్ ధర దాటకూడదంటాను. మనిషి చేతిలో పెడితే ఏజెంట్లు వస్తారు కాబట్టి మెషిన్‌తోనే జరగాలి. బ్రేక్ పట్టు, చక్రం పక్కకు లాగడం, హెడ్‌లైట్ ఫోకస్, పొగ, వీటన్నిటినీ మెషిన్లే కొలిచే ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లకు కేంద్రం 2021లోనే నియమాలు రాసింది. అలాంటి స్టేషన్ గద్వాలవాళ్లు హైదరాబాద్ దాకా పోనక్కర లేకుండా జిల్లాలోనే ఉండాలి. మొదటిసారి ఫెయిలైతే జరిమానా వద్దు, నెల గడువిచ్చి బాగుచేయించుకుని రమ్మనాలి. ఫలితం కాగితం తెలుగులో ఉండాలి. అదే ఫలితం బండి నంబర్ కింద ఆన్‌లైన్‌లోనూ ఉండాలి, రేపు ఆ బండిని కొనేవాడు తన పిల్లల్ని ఎక్కించే ముందే చదువుకునేలా.