మైక్ ఆపేసి ఆడే అమ్మాయి: గేమింగ్‌లో ప్రత్యేక పోటీ అవసరమా?

(తమ్ముడు తన ఇంజనీరింగ్ కళాశాల ఉత్సవంలో గేమింగ్ పోటీ నిర్వహిస్తున్నాడు. 32 జట్లు పేర్లు ఇచ్చాయి, వాటిలో ఒక్క అమ్మాయి కూడా లేదు. అమ్మాయిలకు వేరే విభాగం పెట్టమని అక్క అడిగింది. అతను ఒప్పుకోలేదు.)

తమ్ముడు: కబడ్డీలోనూ పరుగుపందెంలోనూ ఆడవాళ్లకు వేరే విభాగం ఎందుకుందో నాకు అర్థమవుతుంది అక్కా. శరీర బలంతో పనిలేని ఆటకు ఆ గీత ఎందుకు? మౌస్ పట్టుకున్న చేయి ఎవరిదో కంప్యూటరుకు తెలియదు కదా. 2014లో అంతర్జాతీయ ఈ-స్పోర్ట్స్ (వీడియో గేమ్ పోటీల) సమాఖ్య ఇలాగే విభాగాలు పెట్టబోయి, ఫిన్లాండ్‌లో జరగాల్సిన అర్హత పోటీలో హార్త్‌స్టోన్ అనే కార్డుల ఆటను మగవాళ్లకే పరిమితం చేసింది. కూర్చుని కార్డులు వేసే ఆటలో ఆడవాళ్లకు చోటు లేదన్నందుకు చాలా చోట్ల నుంచి నిరసన వచ్చాక గానీ వెనక్కి తగ్గలేదు. వేరు చేయడం మొదలుపెడితే చివరికి అక్కడికే చేరతాం.

అక్క: ఫిన్లాండ్‌లో జరిగిన తప్పు మగవాళ్ల గది తలుపు మూయడం, ఆడవాళ్లకు ఒక గది ఇవ్వడం కాదు. నిరసన తర్వాత సమాఖ్య చేసిన పని కూడా అదే: ప్రధాన పోటీని అందరికీ తెరిచి, మహిళల పోటీని అలాగే ఉంచింది. నేను నిన్ను అడుగుతున్నదీ అంతే.

తమ్ముడు: కానీ ఆ రెండో గది వల్ల నష్టం లేదని ఎలా అంటావు? చదరంగంలో గ్రాండ్‌మాస్టర్ కావాలంటే ఆట బలాన్ని చూపే రేటింగ్ 2500 చేరాలి, మహిళా గ్రాండ్‌మాస్టర్‌కు 2300 చాలు. చిన్నపిల్లకు మొదటి రోజే ‘నీకు ఈ మెట్టు చాలు’ అని చెప్పినట్లు కాదా? హంగరీకి చెందిన జూడిత్ పోల్గార్ మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్ జోలికే పోలేదు. ఎక్కువగా మగవాళ్లతోనే ఆడి 1991లో, 15 ఏళ్ల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయింది, ప్రపంచ ర్యాంకుల్లో ఎనిమిదో స్థానం దాకా వెళ్లింది, 2002లో అప్పటి ప్రపంచ నంబర్ వన్ కాస్పరోవ్‌ను ఓడించింది. గట్టివాళ్లతో ఆడితేనే గట్టిపడతాం.

అక్క: పోల్గార్ తండ్రి ముగ్గురు కూతుళ్లకూ ఇంట్లోనే చదువు చెప్పించి, చదరంగాన్నే వాళ్ల బాల్యంగా మార్చాడు. అలాంటి ఇల్లు ఎంతమందికి దొరుకుతుంది? మన కోనేరు హంపినే తీసుకో. 2002లో పోల్గార్ కంటే చిన్న వయసులో పూర్తి గ్రాండ్‌మాస్టర్ హోదా సాధించింది. బిడ్డ పుట్టినప్పుడు ఆటకు విరామం ఇచ్చి, తిరిగి వచ్చి, 2019లో మహిళల ర్యాపిడ్ (తక్కువ సమయంలో ముగిసే చదరంగం) ప్రపంచ టైటిల్ గెలిచింది, 2024లో మళ్లీ గెలిచింది. ఆ మహిళల పోటీ ఆమెను ఏ మెట్టు మీదా ఆపలేదు, తిరిగి రావడానికి దారిగా నిలిచింది. ఇక అందరూ కలిసి ఆడితే చూపు మారుతుందంటావా? 2024 జనవరిలో నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీలో జరిగిన చదరంగ టోర్నీలో మన దివ్య దేశ్‌ముఖ్ మగవాళ్లున్న విభాగంలోనే ఆడింది. తన ఎత్తుల గురించి కాకుండా తన బట్టలు, జుట్టు, మాట యాస గురించే ప్రేక్షకులు మాట్లాడారని ఆ 18 ఏళ్ల అమ్మాయి బాధపడి రాయాల్సి వచ్చింది.

తమ్ముడు: ప్రేక్షకుల నోరు మూయించేది ఆటే అక్కా. స్టార్‌క్రాఫ్ట్ 2 అనే యుద్ధవ్యూహాల కంప్యూటర్ ఆటలో కెనడా క్రీడాకారిణి స్కార్లెట్ 2018 ఫిబ్రవరిలో దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌చాంగ్‌లో కొరియా ఆటగాడిని ఫైనల్లో ఓడించి టైటిల్ తీసుకున్నాక, ఆ ఆట ఆడవాళ్లకు రాదని ఎవరనగలిగారు?

అక్క: ఆట బాగా ఆడితే ఏమవుతుందో గెగురి కథ చెబుతుంది. 2016, కొరియా, ఓవర్‌వాచ్ అనే షూటింగ్ ఆట, 17 ఏళ్ల అమ్మాయి. ఆమె గురి అంత కచ్చితంగా ఉండేసరికి, ఏదో సాఫ్ట్‌వేర్ పెట్టి మోసం చేస్తోందని ఎదుటి జట్టువాళ్లు ఆరోపించారు, నేరం నిజం కాకపోతే ఆట వదిలేస్తామని సవాలు కూడా విసిరారు. ఆటను తయారుచేసిన బ్లిజార్డ్ సంస్థే మోసం లేదని తేల్చింది. అయినా ఆమె ఒక స్టూడియోకు వచ్చి, ముఖానికి మాస్కు కట్టుకుని, ఒక కెమెరా తెర మీద, ఇంకొకటి మౌస్ పట్టుకున్న తన చేతి మీద ఉండగా, అందరూ చూస్తుండగా ఆడి చూపించాల్సి వచ్చింది. మౌస్ పట్టుకున్న చేయి ఎవరిదో కంప్యూటరుకు తెలియదన్నావు కదా తమ్ముడూ, ఆ చేయి అమ్మాయిదని మనుషులకు తెలిసింది, అందుకే దాని మీద కెమెరా పెట్టారు. 2018లో ఆమె షాంఘై డ్రాగన్స్ జట్టులో చేరి ఓవర్‌వాచ్ లీగ్‌లో తొలి మహిళ అయింది. అంతదాకా తట్టుకుని నిలబడలేక ఆట మానేసిన వాళ్ల లెక్క ఎవరు రాశారు?

తమ్ముడు: నువ్వు మానలేదు కదా.

అక్క: నేను ఆడుతున్నది మైక్ ఆపేసి. నీకెప్పుడూ చెప్పలేదు. ఆన్‌లైన్ ఆటలో తెలియని ముగ్గురితో స్క్వాడ్ (నలుగురి జట్టు) పడిన రాత్రి ‘కొండ వెనక ఇద్దరున్నారు’ అన్నాను, అంతే. ఒకడు ‘అరె, అమ్మాయిరా’ అన్నాడు. ఆ తర్వాత శత్రువు ఎక్కడున్నాడో ఎవరూ చెప్పలేదు, నా పేరు, నా ఊరు, నా నంబరు అడగడమే ఆటయింది. జవాబివ్వకపోతే బూతులు. మర్నాటి నుంచి పేరు మార్చుకున్నాను, మాట మానేశాను. జట్టు ఆటలో మాట లేనివాడు సగం ఆటగాడు. ఆ సగంతో నేను తెచ్చుకున్న ర్యాంకును చూసి నువ్వు నాకు ప్రత్యేక పోటీ అక్కర్లేదంటున్నావు.

తమ్ముడు: (కాసేపు ఆగి) ఇది నాకు తెలియదు. కానీ అక్కా, దీనికి వేరే పోటీ మందెలా అవుతుంది? బూతులు తిట్టినవాణ్ణి అందరూ ఆడే పెద్ద లాబీలోనే ఉంచి, తిట్లు తిన్నదాన్ని పక్క గదికి పంపినట్లు కాదా? ఆ గదిలో గెలిచినా ‘ఆడవాళ్లలో గెలిచావులే’ అంటారు.

అక్క: ఆ మాటలో న్యాయముంది, కాదనను. పక్క గది ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకుంటే అది వెలివేతే. వాలరెంట్ అనే జట్టు షూటింగ్ ఆటకు 2021లో రయట్ సంస్థ గేమ్ ఛేంజర్స్ పేరుతో మహిళల పోటీలు మొదలుపెట్టినప్పుడు కూడా ఈ అనుమానమే వినిపించింది. కానీ అమ్మాయిలు అయిదుగురు కలిసి, మైక్ ఆన్‌లో పెట్టుకుని, గొంతెత్తి ‘నువ్వు ఎడమ, నేను కుడి’ అని అరుచుకుంటూ ఆడే చోటు ముందు ఒకటి ఉండాలి. అది అలవాటైన గొంతు పెద్ద లాబీలో తగ్గదు. అందుకే నాకు మూడు కావాలి: మహిళల విభాగం, అందులో గెలిచిన జట్టుకు ప్రధాన పోటీలో నేరుగా చోటు, ప్రధాన పోటీలో ప్రతి జట్టు మాటల రికార్డింగు.

తమ్ముడు: రికార్డింగుకు ఒప్పుకుంటాను, బూతు వినిపిస్తే జట్టునే తీసేస్తాను. నేరుగా చోటు మాత్రం మిగతా 32 జట్లకు అన్యాయం, వాళ్లు అర్హత ఆడి రావాలి కదా.

అక్క: ఆ 32 జట్లలో ఎవరైనా మైక్ ఆపుకుని ప్రాక్టీసు చేశారేమో అడిగి రా. అప్పుడు అన్యాయం గురించి మాట్లాడుకుందాం.