గబగబా ఊపిరి పీలిస్తే కణాలకు శక్తి పెరగదు

“పొద్దున్నే ఆర్కే బీచ్‌లో కూర్చుని పది నిమిషాలు గబగబా, గాఢంగా ఊపిరి పీల్చండి. రక్తంలో ఆక్సిజన్ రెట్టింపవుతుంది, కణాలు రెట్టింపు శక్తి తయారు చేస్తాయి, ఆక్సిజన్ ఉన్నచోట క్యాన్సర్ బతకదు, వార్‌బర్గ్‌కు నోబెల్ ఇచ్చింది అందుకే.” విశాఖ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మాట ఇది. బీచ్‌కి వెళ్లడం వరకు మంచిదే. తక్కినదేదీ నిలవదు.

రెట్టింపు సంగతి ముందు. బీచ్‌లోనైనా జగదాంబ జంక్షన్‌లోనైనా గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతమే. తేడా దుమ్ములో, పొగలో. ఆరోగ్యంగా ఉన్నవారి రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్ మామూలు ఊపిరితోనే 95 శాతానికి పైగా ఆక్సిజన్‌తో నిండి ఉంటుంది. 100 మి.లీ. రక్తంలో అది మోసేది సుమారు 20 మి.లీ. ఆక్సిజన్, ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవంలో, కరిగేది 0.3 మి.లీ. నిండిన దాన్ని రెట్టింపు చేయడం ఎలా?

శక్తి దగ్గరే అసలు తప్పు. కణంలో శక్తి తయారయ్యే మైటోకాండ్రియాలో ఆక్సిజన్‌ను అందుకునే ఎంజైమ్ సైటోక్రోమ్ ఆక్సిడేజ్‌కు 1 నుంచి 3 మి.మీ. పాదరస పీడనంతో ఆక్సిజన్ అందితే చాలు. ధమని రక్తంలో ఆ పీడనం సుమారు 95. అంటే మామూలుగా కొరత లేదు. వేగాన్ని నిర్ణయించేది ఖర్చు: కణం శక్తిగా ఖర్చుపెట్టే అణువు ఏటీపీ. దాన్ని వాడితే మిగిలే ఏడీపీ పోగవుతుంది, అప్పుడే కణశ్వాసక్రియ వేగం పుంజుకుంటుంది. కైలాసగిరి మెట్లెక్కితే కాలి కండరాల్లో అది పెరుగుతుంది. కూర్చుని ఎంత పీల్చినా ఆ కండరాలకు పట్టదు. ఆక్సిజన్ నిజంగా పడిపోతే మాత్రం దెబ్బ పెద్దది. ఒక గ్లూకోజ్ అణువుకు 30–32 ఏటీపీలు రావలసింది ఆక్సిజన్ లేకుండానే గ్లూకోజ్‌ను విడగొట్టే గ్లైకాలసిస్ ఇచ్చే రెండుకు దిగిపోతుంది, లాక్టేట్ పేరుకుంటుంది. గుండెపోటులో రక్తం అందని కండరానికి జరిగేది ఇదే.

జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్‌కు 1931లో నోబెల్ వచ్చింది కణాల శ్వాస ఎంజైమ్ స్వభావం, పనితీరు కనుగొన్నందుకు. పైగా ఆయన పేరుతో చెప్పే ‘వార్‌బర్గ్ ప్రభావం’ ఈ సందేశానికి ఎదురు తిరుగుతుంది: ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా చాలా క్యాన్సర్ కణాలు గ్లూకోజ్‌ను లాక్టేట్‌గా మార్చుకుంటూ హాయిగా పెరుగుతాయి.

ఇక హాని. గబగబా పీలిస్తే పెరిగేది ఆక్సిజన్ కాదు, తగ్గేది కార్బన్ డయాక్సైడ్. దాంతో మెదడు రక్తనాళాలు కుంచించుకుపోతాయి, హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మరింత గట్టిగా పట్టుకుంటుంది. తల తిరగడం, వేళ్లలో తిమ్మిరి అందుకే. ‘శక్తి ప్రవహిస్తోంది’ అని కొందరు మురిసిపోయేది దీన్ని చూసే. అలా పీల్చి వెంటనే నీళ్లలో మునిగితే ప్రాణానికే ముప్పు: ఊపిరి తీసుకోమని తొందరపెట్టే కార్బన్ డయాక్సైడ్ తక్కువగా ఉండటంతో, పైకి రావాలనిపించకముందే స్పృహ తప్పవచ్చు.