చర్మం ఓపీలో బీపీ చూసేదెవరు?

తిరుపతిలో గుండె వైద్యానికి కరవేమీ లేదు. 1993 నుంచి స్విమ్స్ ఉంది, రుయా ఉంది, ప్రైవేటు క్యాథ్‌ల్యాబులున్నాయి. చిత్తూరు వాళ్లయితే బస్సెక్కితే గంటలో వేలూరులో దిగుతారు. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డుంటే స్టెంటు వేయించుకోవడానికి ఆస్తులు అమ్ముకోనక్కర్లేదు. అయితే ఇదంతా గుండెకు దెబ్బ తగిలాక అందే సాయం. ఆ దెబ్బ తగిలే అవకాశం ఎక్కువున్న కొందరు ఏళ్ల తరబడి ఆసుపత్రులకు తిరుగుతూనే ఉన్నారు. కాకపోతే వాళ్లు నిలబడేది చర్మవ్యాధుల ఓపీ వరుసలో. అక్కడ వాళ్లను గుండె గురించి అడిగేవాళ్లు లేరు.

సోరియాసిస్ సంగతే తీసుకుందాం. మోచేతుల మీద, మోకాళ్ల మీద, తలలో ఎర్రటి మందపాటి మచ్చలు లేస్తాయి. వాటి మీద తెల్లటి పొలుసులు రాలుతుంటాయి. ఇది అంటుకునే జబ్బు కాదు. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ మన ఒంటి మీదికే తిరగబడటం వల్ల వస్తుంది. ఆ తిరుగుబాటులో పుట్టే టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-17 లాంటి రసాయనాలు చర్మం దగ్గరే ఆగిపోవు. రక్తంలో కలిసి రక్తనాళాల లోపలి పొరను కూడా రేపుతాయి. అలా రేగిన చోట కొవ్వు త్వరగా పేరుకుంటుంది. పేరుకున్న ముద్ద పగిలి, దాని మీద రక్తం గడ్డ కడితే గుండెపోటే. పైకి కనిపించేది మచ్చలే కాబట్టి వైద్యమూ అక్కడికే పరిమితమవుతోంది.

బ్రిటన్‌లో లక్షకు పైగా సోరియాసిస్ రోగుల రికార్డులు చూసి 2006లో ఒక అధ్యయనం వెలువడింది. జబ్బు తీవ్రంగా ఉన్న 30 ఏళ్ల మనిషికి గుండెపోటు ముప్పు మామూలు వాళ్లతో పోలిస్తే మూడు రెట్లు ఉందని, 60 ఏళ్ల వాళ్లలో ఆ తేడా బాగా తక్కువని అందులో తేలింది. మూడు రెట్లు అనగానే టెన్షన్ పడక్కర్లేదు. 30 ఏళ్లకు గుండెపోటు రావడమే అరుదు, దానికి మూడు రెట్లన్నా చిన్న అంకే. కానీ కుర్రవాళ్లకేం కాదులే అని వదిలేసే వయసులోనే తేడా ఎక్కువగా ఉండటం నాకు ముఖ్యంగా తోస్తోంది.

రోగనిరోధక వ్యవస్థ ఇలాగే తిరగబడే మరో జబ్బు లూపస్‌లో పరిస్థితి ఇంకా తీవ్రం. ఈ రోగుల్లో పదికి తొమ్మిది మంది ఆడవాళ్లు. బుగ్గల మీద ఎర్రటి దద్దు, కీళ్ల నొప్పులు, ఎండకు పడకపోవడం దీని లక్షణాలు. 35 నుంచి 44 ఏళ్ల లూపస్ మహిళల్లో గుండెపోటు అదే వయసు వాళ్లకన్నా యాభై రెట్లు ఎక్కువని 1997లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. అలాంటి మనిషి ఛాతీ బరువుగా ఉందంటే మన ఇళ్లలో వచ్చే జవాబు, "గ్యాస్ అయ్యుంటుంది, సోడా తాగు". బొల్లికి మాత్రం ఇంత బలమైన ఆధారం లేదు. తెల్లమచ్చలున్న వాళ్లు ఇది చదివి భయపడొద్దు.

మన దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు మిగతా ప్రపంచంకన్నా సగటున ఐదారేళ్లు ముందే వస్తోందని తెలిసిన విషయమే. 2018 నాటి అమెరికా కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు ముప్పు పెంచే అంశాల్లో సోరియాసిస్, లూపస్ లాంటి జబ్బులను చేర్చాయి, దక్షిణాసియా పుట్టుకనూ చేర్చాయి. మన రోగికి రెండూ వర్తిస్తాయి. పోనీ ముప్పు లెక్కకట్టే పట్టికలు చూద్దామా అంటే, మొన్నటిదాకా ఎక్కువగా వాడిన అమెరికా పట్టిక, ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక రెండూ 40 ఏళ్ల నుంచే మొదలవుతాయి. పాతికేళ్లకే మచ్చలు లేచినవాడు ఆ పట్టికలోకి ఎక్కడానికే పదిహేనేళ్లు ఆగాలి.

ఒకసారి చర్మం ఓపీ చీటీ చూడండి. రెండు ట్యూబుల పూతమందు, దురదకు సెట్రిజిన్, తలకు తారు షాంపూ, పదిహేను రోజుల తర్వాత రమ్మని ఒక ముక్క. బీపీ, బరువు రాయాల్సిన చోట చాలాసార్లు ఖాళీ. డాక్టరును తప్పుపట్టలేం, బయట వంద మంది వరుసలో ఉంటే ఒక్కొక్కరికి దక్కేది రెండు నిమిషాలే. కానీ బీపీ చూడటానికి డాక్టరే అక్కర్లేదు కదా. ఓపీ చీటీ రాసే బల్ల పక్కన ఒక నర్సు, ఒక బీపీ మిషన్ ఉంటే చాలు. జబ్బు తీవ్రత తెలుసుకోవడమూ పెద్ద విద్య కాదు. వేళ్లతో సహా రోగి అరచేయి ఒంటి చర్మంలో సుమారు ఒక శాతం. మచ్చలు పది అరచేతులు దాటితే గుండె ముప్పును ఒకటిన్నర రెట్లు చేసి చూసుకోవచ్చని అమెరికా చర్మవైద్యుల సంఘం 2019లో సూచించింది.

మందుల వైపు నుంచి వచ్చే చేటు వేరే ఉంది. పల్లెల్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది వేయించుకుంటే వారంలో మచ్చలు మాయం. అది చాలాసార్లు స్టెరాయిడ్. మాటిమాటికీ వాడితే బీపీ, సుగర్, బరువు మూడూ పెరుగుతాయి. ఉన్నట్టుండి ఆపితే సోరియాసిస్ చీము పొక్కులతో తిరగబడొచ్చు. కీళ్ల నొప్పులకని మెడికల్ షాపులో కొనుక్కునే నొప్పి మాత్రలు కూడా గుండెకు మంచివి కావు. అలాగని ఒంటి మీద బొబ్బలు లేచే పెంఫిగస్ లాంటి జబ్బుల్లో డాక్టరు రాసిన స్టెరాయిడ్‌ను భయపడి మానేస్తే ప్రాణం మీదికొస్తుంది. అది వాడుతున్నంతకాలం బీపీ, సుగర్ చూపించుకుంటూ ఉండాలి, అంతే.

గుండె ముప్పు పెరగడానికి సిగ్గు కూడా ఒక కారణమే. పొలుసులు కనిపిస్తాయని పొద్దున వాకింగ్‌కు పోరు, పొట్టి చేతుల చొక్కా వేసుకోరు. తలలో మచ్చలున్నవాళ్లు తిరుమలలో తలనీలాలు ఇవ్వడానికి జంకుతారు. ఆ జంకులో కొంత న్యాయముంది, కత్తిగాటు పడ్డ చోట కొత్త మచ్చ లేవడం ఈ జబ్బు గుణం. సర్పదోషమని శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించుకునే వాళ్లున్నారు. చేయించుకోండి, వచ్చే దారిలో బీపీ కూడా చూపించుకోండి. అలిపిరి నుంచి 3,550 మెట్లు నడిచి రావద్దని టీటీడీ చెప్పేది వయసు మళ్లినవాళ్లకు, బీపీ, సుగర్, గుండె జబ్బులున్న వాళ్లకు. ఒంటినిండా మచ్చలున్న 35 ఏళ్ల మనిషి తనకవేవీ లేవనుకుని మెట్లెక్కుతాడు. ఎక్కొద్దని నేననను. ఉన్నాయో లేవో ఒకసారి చూపించుకున్నాక ఎక్కమంటాను.

రోగనిరోధక వ్యవస్థ తిరుగుబాటును అణిచే ఖరీదైన బయోలాజిక్ సూదులు వేయించుకుంటే గుండె కూడా బాగుపడుతుందని ఎవరైనా చెబితే మాత్రం ఆచితూచి నమ్మండి. ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో రేగే వాపు) తగ్గిస్తే గుండెపోట్లు కొంత తగ్గుతాయని 2017లో కాంటోస్ ప్రయోగం చూపించింది నిజమే, కానీ అది వేరే మందు, వేరే రోగులు. సోరియాసిస్ రోగుల్లో అడాలిముమాబ్ అనే బయోలాజిక్ సూది వాడి చూస్తే మహాధమనిలోని ఇన్‌ఫ్లమేషన్ డమ్మీ మందుకన్నా ఎక్కువేమీ తగ్గలేదు. చర్మానికి, కీళ్లకు అవసరమైతే ఆ సూది వేయించుకోవాలి, గుండె పేరు చెప్పి అప్పు చేయకూడదు. గుండెకు పనిచేస్తాయని రుజువైనవి పాతవే: బీడీ, సిగరెట్ మానడం, బీపీ మాత్ర, అవసరమైన వాళ్లకు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర. జనరిక్ షాపులో ఇవి చవగ్గానే దొరుకుతాయి.

30 దాటిన వాళ్లకు బీపీ, సుగర్ చూడటానికి ఏఎన్ఎంలు, ఆశాలు ఇప్పటికే ఇంటింటికీ తిరుగుతున్నారు. వాళ్ల ఫారంలో ఒక్క ప్రశ్న కలపమని జిల్లా ఆరోగ్య శాఖను అడగొచ్చు: ఇంట్లో ఎవరైనా ఏళ్ల తరబడి చర్మానికి మందు వాడుతున్నారా? అలా వాడేవాళ్లకు 30 నిండేదాకా ఆగకుండా ఒక కొలెస్ట్రాల్ పరీక్ష రాయించాలి. ఏఎన్ఎంలకు ఇప్పటికే తలకు మించిన పని ఉందని అంటారు, అదీ నిజమే. అందుకే ముందు చర్మం ఓపీ బల్ల మీద ఆ బీపీ మిషన్ పెట్టించమనడం.