వేటగాళ్ళ క్లబ్బు వాగుకు కాపలా ఎందుకు కాస్తోంది?

అమెరికాలో మేముండే పెన్సిల్వేనియా రాష్ట్రంలో ట్రౌట్ చేపలు పట్టే సీజన్ ఏప్రిల్ మొదటి శనివారం మొదలవుతుంది. దానికి కొద్ది రోజుల ముందు ఒక ఉదయం, మా ఇంటికి పావుగంట దూరంలో ఉన్న వాగు దగ్గర ఒక పికప్ ట్రక్కు వచ్చి ఆగింది. ట్రక్కు మీద నీళ్ళ ట్యాంకు, ట్యాంకు నిండా చేపలు. బకెట్లు పట్టుకుని వరసలో నిలబడ్డ వాళ్ళలో నేనూ, మా అమ్మాయీ ఉన్నాం. ఒక్కో బకెట్లో ఐదారు ట్రౌట్లు పోసిస్తున్నారు, అవి తోకలు కొడుతుంటే చల్లటి నీళ్ళు జీన్స్ ప్యాంటు మీద పడి మోకాళ్ళు జివ్వుమంటున్నాయి. మా అమ్మాయి వంతెన పక్కనే బకెట్ వంచబోతే క్లబ్బు పెద్దాయన ఒకాయన ఆపి, "ఇక్కడే పోసేస్తే శనివారం పొద్దున వంతెన దగ్గర నిలబడ్డ నలుగురే అన్నీ పట్టుకుపోతారమ్మా, ఇంకాస్త పైకి నడువు" అన్నాడు. నడిచాం. బకెట్‌ను నీళ్ళలోకి దించి నెమ్మదిగా పక్కకు వంచితే చేప తనంతట తానే బయటికి ఈదుకుంటూ వెళ్ళి, ఒక రాయి వెనక ప్రవాహానికి ఎదురుగా నిలబడింది. మా అమ్మాయి అది కదిలేదాకా అక్కడి నుంచి రానంది.

ఆ చేపల్ని పెంచింది మా పక్క ఊళ్ళో ఉన్న ఒక రాడ్ అండ్ గన్ క్లబ్బు, అంటే గాలం వేసేవాళ్ళూ తుపాకీతో వేటాడేవాళ్ళూ కలిసి పెట్టుకున్న సంఘం. రాష్ట్ర ఫిష్ అండ్ బోట్ కమిషన్ చేపపిల్లల్ని ఇస్తుంది, క్లబ్బు వాళ్ళు తమ తొట్లలో నెలల తరబడి మేత వేసి పెంచుతారు. అలా పెరిగిన చేపల్ని జనం ఎవరైనా వచ్చి గాలం వేసుకోగలిగే నీళ్ళలోనే వదలాలి, సొంత చెరువులో పోసుకుంటామంటే కుదరదు. ఇలాంటి క్లబ్బులు ఈ రాష్ట్రంలో బోలెడు. నేను ఆరేళ్ళ పాటు ఆ క్లబ్బు గేటు ముందు నుంచే ఆఫీసుకు వెళ్ళాను, ఒక్కసారి కూడా ఆగలేదు. లోపలి నుంచి తుపాకుల చప్పుడు వినిపిస్తుంటే ఆగాలని ఎవరికి అనిపిస్తుంది? నేను వేటాడను, మా అమ్మ శనివారం పూట కోడిగుడ్డు కూడా ముట్టదు. ఒకసారి పిల్లలకి చేపలు పట్టే పోటీ పెట్టి, గాలాలూ వానపాములూ కూడా వాళ్ళే ఇస్తున్నారని బడి నుంచి కాగితం వస్తే తప్పనిసరై వెళ్ళాను.

వేటగాళ్ళంతా ప్రకృతి ప్రేమికులు అని చెప్పడానికి ఇది రాయడం లేదు. అడవి నుంచి, నీళ్ళ నుంచి తీసుకునేవాడి చేత తిరిగి పెట్టించే ఏర్పాటు ఇక్కడ ఒకటి ఉంది. మన చెరువుల దగ్గర అది లేదు. నా బాధంతా దాని గురించే.

ముందు ఆ ఏర్పాటు ఎలా వచ్చిందో చూడాలి. ఇప్పుడు పెన్సిల్వేనియాలో జింకలు పెరట్లోకి వచ్చి మనవాళ్ళు కష్టపడి పెంచుకున్న గోంగూరా బెండా మేసి పోతుంటాయి, రాత్రిపూట కారుకి అడ్డం వస్తాయి. కానీ నూట ఇరవై ఏళ్ళ కింద ఇక్కడ జింక దాదాపు కనుమరుగైపోయింది. అడవులు నరికేశారు, హద్దూ అదుపూ లేకుండా కాల్చి మాంసం అమ్ముకున్నారు. 1895లో వేట జంతువుల బాగోగులు చూసే గేమ్ కమిషన్ పెట్టి, 1906లో మిషిగన్ నుంచి జింకల్ని కొని తెచ్చి వదలాల్సి వచ్చింది. 1913లో వేట లైసెన్సు పెట్టారు, ఒక డాలరు. ఆ లైసెన్సు డబ్బుతోనే 1920 నుంచి భూములు కొనడం మొదలుపెడితే ఇవాళ దాదాపు 15 లక్షల ఎకరాల స్టేట్ గేమ్ లాండ్స్, అంటే రాష్ట్రం చేతిలోని వేట భూములు తయారయ్యాయి. వాటిలో పక్షులు చూడ్డానికి వెళ్ళేవాడూ, వేటంటే గిట్టనివాడూ కూడా నడవొచ్చు.

దేశం మొత్తానికి ఇలాంటి లెక్క 1937లో వచ్చింది. పిట్‌మన్ రాబర్ట్‌సన్ చట్టం అంటారు. వేట తుపాకులూ తూటాల మీద 11 శాతం పన్ను వేసి, ఆ డబ్బును రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు పంచుతారు. చేపల సామాన్ల మీద ఇలాంటిదే 1950లో వచ్చింది. నాకు ఈ చట్టంలో బాగా నచ్చింది పన్ను కాదు, దానికి తగిలించిన మెలిక: ఏ రాష్ట్రమైనా ఈ డబ్బు కావాలంటే, తాను వసూలు చేసే వేట లైసెన్సు ఫీజును వన్యప్రాణి శాఖకు తప్ప ఇంకో పనికి వాడనని ముందే చట్టం చేసుకోవాలి. రోడ్లకి మళ్ళించడానికీ, ఎన్నికల ముందు పంచడానికీ వీల్లేదు. ఒక పద్దు కింద వసూలైన డబ్బు ఇంకో పద్దులో మాయమవడం చూస్తూ పెరిగిన మనకి ఆ ఒక్క షరతు విలువ ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

డబ్బు ఉన్నంత మాత్రాన వాగు బాగుపడదు. పని చేసే మనుషులు కావాలి, క్లబ్బు ఉపయోగం అక్కడే. ఫిబ్రవరిలో ఒక శనివారం బాతుల పెట్టెలు శుభ్రం చేయడానికి వెళ్ళాను. వుడ్ డక్ అనే బాతు చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది, పాత చెట్లు పోయేసరికి దానికి తొర్రలు కరువయ్యాయి, అందుకని నీళ్ళలో స్తంభాలు పాతి వాటికి చెక్క పెట్టెలు కడతారు. గుంట గడ్డకట్టి ఉన్నప్పుడు మంచు మీద నడుచుకుంటూ పెట్టె దాకా వెళ్ళిపోవచ్చు కాబట్టి ఫిబ్రవరిలో ఈ పని. పెట్టెకి ఉన్న కన్నం గుండ్రంగా ఉండదు, 4 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల ఎత్తు, బాతు దూరుతుంది కానీ గుడ్లు తినేసే రకూన్ అనే జంతువు బాగా ఎదిగితే దానికి కష్టం. స్తంభానికి కింద రేకు గరాటు బోర్లించి ఉంటుంది, పాములూ రకూన్లూ ఎక్కకుండా. ఈ బాతు గూటికి పుల్లా పుడకా ఏదీ తెచ్చుకోదు, అందుకని ప్రతి ఏడాదీ మనమే కొత్తగా రంపపు తరుగు పొయ్యాలి. పెట్టె తలుపు తీసి పాత తరుగు చేత్తో తోడితే లోపల గుడ్డు పెంకుల కింద ఉండే పల్చటి తోలు పొరలు దొరికాయి. అవి ఉంటే గుడ్లు పొదిగి పిల్లలు బయటపడ్డాయని గుర్తు. నాతో వచ్చినాయన వాటిని లెక్కపెట్టి పెన్సిల్‌తో పుస్తకంలో రాసుకున్నాడు, పెట్టె నంబరూ తేదీతో సహా. ఆ పుస్తకంలో ముందు పేజీలు వేరేవాళ్ళ చేతిరాతలో ఉన్నాయి.

ఈ బాతుల్ని వేటాడతారా అంటే, వేటాడతారు. 1918లో నిషేధించి, మళ్ళీ పెరిగాక 1941లో పరిమితంగా అనుమతించారు. ఇది జీర్ణించుకోవడం నాకు ఇప్పటికీ కష్టమే. శరదృతువులో కాల్చే మనిషే ఫిబ్రవరిలో దాని గూడు తుడుస్తాడు. కానీ గూడు తుడిచే పనికి జంతువుల మీద జాలి ఉన్న నాలాంటి వాడు ఆరేళ్ళ పాటు రాలేదు, అతను వచ్చాడు, ఆ మాట నేను ఒప్పుకోవాలి.

మిగతావి త్వరగా చెప్తాను: ఏటా వసంతంలో వాగు గట్ల చెత్త ఏరడం, కొత్తగా లైసెన్సు కావాలనేవాళ్ళకి తుపాకీ భద్రత పాఠాలు, వేటాడిన జింక మాంసాన్ని పేదలకు అన్నం పెట్టే ఫుడ్ బ్యాంకులకు ఇవ్వడం (ఈ రాష్ట్రంలో ఇది 1991 నుంచి ఒక పద్ధతి ప్రకారం నడుస్తోంది). పాత బొగ్గు గనుల నుంచి ఊరే ఆమ్లపు నీళ్ళతో రాళ్ళు నారింజ రంగుకి తిరిగిపోయిన వాగులు ఈ రాష్ట్రంలో చాలా ఉన్నాయి, అక్కడ సున్నపురాయి వేసి నీటిని బాగుచేసే పనుల్లో కూడా ఇలాంటి సంఘాల చెయ్యి ఉంది.

అయితే ఈ పద్ధతిలో పెద్ద లోపం ఉంది, క్లబ్బు వాళ్ళతోనూ నేనిదే వాదిస్తాను. వేటగాడికి కావాల్సిన జంతువే బతుకుతుంది, అక్కర్లేనిదాన్ని పట్టించుకునేవాడు ఉండడు. ఇదే పెన్సిల్వేనియాలో గేమ్ కమిషన్ 1929లో గోస్‌హాక్ అనే డేగని చంపితే 5 డాలర్ల బహుమతి పెట్టింది, అది మనుషులు వేటాడే పక్షుల్ని తినేస్తోందని. వలస పోయే డేగల్ని ఒక కొండ అంచున నిలబడి వందల కొద్దీ కాల్చిపారేసేవాళ్ళు. 1934లో రోజలీ ఎడ్జ్ అనే ఆవిడ ఆ కొండను లీజుకి తీసుకుని, కాపలా పెట్టి కాల్పులు ఆపించింది. ఇవాళ హాక్ మౌంటెన్ అని జనం వెళ్ళి చూసే చోటు అదే. ఆవిడ వేటగత్తె కాదు, క్లబ్బు మనిషీ కాదు. కాబట్టి వేటగాళ్ళకే వదిలేస్తే చాలు అనేవాళ్ళ మాట నేను ఒప్పుకోను. సీతాకోకచిలకకీ, డేగకీ లైసెన్సు కొనేవాడు ఉండడు కదా.

రెండో సమస్య వయసు. 1980లలో ఇక్కడ వేట లైసెన్సులు 13 లక్షల దాకా ఉండేవి, ఇప్పుడు 9 లక్షల లోపే. క్లబ్బు మీటింగులో కూర్చుంటే తెల్లజుట్టే ఎక్కువ కనిపిస్తుంది. లైసెన్సులు తగ్గితే భూముల బాగోగులకి డబ్బు తగ్గుతుంది, బకెట్లు మోసేవాళ్ళూ తగ్గుతారు.

ఇక మన వైపు చూద్దాం. మన కోస్తాలో "వేట" అంటే చేపల వేటే, సముద్రం మీదికి వెళ్ళిన మనిషిని "వేటకెళ్ళాడు" అంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రెండు నెలలు పడవలు ఒడ్డున ఉంటాయి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం కొంత భృతి ఇస్తుంది. ఇది మంచి పద్ధతే, కానీ మత్స్యకారుడి పాత్ర ఇందులో ఏమిటి? ఆగమంటే ఆగడం, ఇచ్చింది తీసుకోవడం. చేపల లెక్క రాసే పుస్తకం అతని చేతిలో లేదు.

కొల్లేరులో ఇంకా అన్యాయంగా జరిగింది. 1999లో ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) దాకా అభయారణ్యం అన్నారు, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు, తర్వాత చెరువులు మళ్ళీ వచ్చాయి. పెద్ద చెరువులు తవ్వినవాడినీ, తరతరాలుగా చేపలు పట్టే వెదురు మావులు పెట్టుకుని బతికే వడ్డి కులపు మత్స్యకారుడినీ ఒకే గాటన కట్టి ఇద్దర్నీ సరస్సుకి శత్రువుల్ని చేశాక, ఆ సరస్సుకి కాపలా ఎవరు కాస్తారు?

ఉప్పలపాడు సంగతి దీనికి పూర్తిగా వేరు. గుంటూరు పక్కనే ఉన్న ఆ ఊరి చెరువుల్లో గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ వేల కొద్దీ గూళ్ళు పెడతాయి, ఊరివాళ్ళు రెట్ట వాసనా గోలా భరించి వాటిని ఎవర్నీ ముట్టుకోనివ్వరు. అక్కడ వేటా లేదు, పన్నూ లేదు, క్లబ్బూ లేదు, ఉన్నది ముఖ్యంగా ఊరి మంచితనమే. ఆ మంచితనానికి ఒక ఆదాయం, ఒక అధికారం, చెరువు మీద ఒక మాట చెల్లే హక్కు తోడవ్వాలని నా వాదన. చూడ్డానికి వచ్చేవాళ్ళు కట్టే డబ్బులో ఊరి వాటా ఎంతో చట్టంలోనే రాసి పెట్టాలి, ఇంకో పనికి మళ్ళించకూడదని కూడా అందులోనే రాయాలి. చెరువు మీద హక్కున్న మత్స్య సహకార సంఘాలకీ ఇదే వర్తించాలి: చేపపిల్లలు ఎన్ని పోశారో, ఎన్ని బతికాయో లెక్క రాసేది సంఘమే కావాలి, ఆ పుస్తకం గ్రామసభలో చదివి వినిపించాలి. దీనికి వేట అక్కర్లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వన్యప్రాణుల వేటని నిషేధించింది, అది అలాగే ఉండాలి.

ఇక్కడి తెలుగువాళ్ళని అడిగేది వేరే ఉంది. గుడికీ, పిల్లల కూచిపూడికీ, క్రికెట్‌కీ వెళ్తున్నాం, సెలవు రోజున ఆ గేమ్ లాండ్స్‌లోనే హైకింగ్ చేసి ఫొటోలు పెడుతున్నాం. ఆ భూమిని కొన్న లైసెన్సు డబ్బులో మనది పైసా లేదు. తుపాకీ పట్టాల్సిన పని లేకుండా చేయగలిగే పనులు ఈ క్లబ్బుల్లో చాలా ఉన్నాయి. మా క్లబ్బు మీటింగు నెలకోసారి సాయంత్రం పూట. మొదటిసారి నేను చాలా టెన్షన్‌తో వెళ్ళాను, చివరి వరుసలో కూర్చున్నాను. వాళ్ళు అడిగింది ఒక్కటే, నీకు నిచ్చెన ఎక్కడం వచ్చా అని. ఈ ఫిబ్రవరికి తొమ్మిది పెట్టెలు నా పేరున రాశారు, ఆ పుస్తకం ఇప్పుడు మా ఇంట్లో ఉంది.