పన్నెండో వంతు వంటిల్లు

వంటింటి కష్టాలకు శాశ్వత పరిష్కారం ఒక్కటే: వంటింటినే పన్నెండో వంతుకు తగ్గించడం. అసలు ఇంట్లో అడుగు ఉన్నది బొమ్మరింట్లో అంగుళం. ఇంగ్లండ్‌లో, అమెరికాలో బొమ్మరిళ్లు కట్టే పెద్దవాళ్లు ప్రామాణికంగా పాటించే కొలత ఇది. (పెద్దవాళ్లే. పిల్లలను ఆ గది గుమ్మం కూడా తొక్కనివ్వరు.) పన్నెండడుగుల వంటగది అడుగు వెడల్పు పెట్టెలో ఇమిడిపోతుంది. అందులో పాలు పొంగవు, గ్యాస్ అయిపోదు, రాత్రికి ఏం కూర అని ఎవరూ అడగరు. ఇన్ని సుగుణాలున్న వంటగదిని ఏ ప్రభుత్వమూ ఇంతవరకు సంక్షేమ పథకాల్లో చేర్చకపోవడం విచారకరం.

అయితే ఏ కాలపు వంటగది కట్టాలన్నది ముందు తేల్చుకోవాలి. మన కాలపుది పనికిరాదు. మిక్సీ, ప్లాస్టిక్ డబ్బాలు, వాటర్ ఫిల్టర్ ఉన్న గది మీద ఎవరికీ భక్తి కలగదు. వంటగదికి గౌరవం దక్కాలంటే అందులో వండినవాళ్లు పోయి చాలా కాలం గడవాలి. అందుకే ఎక్కువమంది మనసు 1880ల నాటి లండన్ ఇంటి నేలమాళిగ మీదికి పోతుంది. గోడ పొడవునా ఇనప బొగ్గుపొయ్యి, అరల మీద వరసగా రాగి గిన్నెలు, మధ్యలో తోమితోమి తెల్లబడిన చెక్కబల్ల, పనివాళ్లను పిలవడానికి గోడ మీద గంటలు.

నిర్మాణంలో చూపే నిష్ఠకు నమస్కరించాలి. కోడిగుడ్ల అట్టలను ముక్కలుగా కత్తిరించి, అతికించి, రంగువేసి, సందులు పూడిస్తే అచ్చం రాతిపలకల నేల. నగల తయారీకి అమ్మే పూసల మూతలు కేకుల అచ్చులవుతాయి. రొట్టె పాలిమర్ క్లే అనే ప్లాస్టిక్ మట్టితో చేస్తారు. టూత్‌బ్రష్‌తో పొడిచి పైపొరను గరుకు చేసి, సుద్దరంగు పొడి అద్ది దోరగా కాలిన ఛాయ తెచ్చి, ఓవెన్‌లో 110 నుంచి 130 డిగ్రీల వేడిలో గట్టిపరుస్తారు. గోరంత రొట్టె కోసం అసలు ఇంటి ఓవెన్ అరగంట పనిచేస్తుంది. ఆ పూట అసలు ఇంటివాళ్లకు భోజనం హోటలు నుంచి వస్తుంది. చరిత్ర కోసం ఎవరో ఒకరు త్యాగం చేయాలి కదా.

మసి సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సొంత వంటింటి చిమ్నీ మీద జిడ్డు చూసి ముఖం తిప్పుకునే మనిషే, బొమ్మపొయ్యి పైన గోడకు నల్లసుద్ద పొడిని మెత్తని కుంచెతో పొర మీద పొరగా అద్దుతాడు. ఎక్కువైతే అబద్ధంలా కనిపిస్తుంది, తక్కువైతే పొయ్యి ఎన్నడూ వెలిగించినట్టుండదు. పెన్సిల్‌లోని గ్రాఫైట్‌ను పొడిచేసి రుద్దితే పొయ్యికి ఇనుము మెరుపు వస్తుంది. విక్టోరియా కాలపు అసలు పొయ్యికీ గ్రాఫైట్ పూతే వేసేవారు. తేడా చిన్నదే. దీన్ని ఒకసారి రుద్దితే చాలు, దాన్ని ఒక పనిపిల్ల తెల్లవారకముందే లేచి, మోకాళ్ల మీద కూర్చుని రుద్దేది. ఆ పిల్ల సంగతి తరవాత. ఆమె సంగతి ఎప్పుడూ తరవాతే.

పన్నెండో వంతుకు లొంగని మొండిఘటాలు కొన్ని ఉన్నాయి. పొడవు పన్నెండో వంతుకు తగ్గితే ఘనపరిమాణం 1,728వ వంతుకు పడిపోతుంది. కిలో బరువున్న రాగిగిన్నె అరగ్రాము పైచిలుకుకు దిగుతుంది. ఎవరైనా తుమ్మితే వంటసామానంతా వలసపోతుంది. నీరు అసలే మాట వినదు, చిట్టి గిన్నెలో పోస్తే ఒక్క బొట్టుగా ఉబ్బి కూర్చుంటుంది. అందుకని తొట్టిలో నీళ్లకు బదులు రెసిన్ అనే, ఆరితే గాజులా గట్టిపడే ద్రవం పోసి ఆరబెడతారు. దుమ్ము కూడా తన కొలత తగ్గించుకోదు. ఇక ధర తగ్గకపోగా ఎదురు తిరుగుతుంది. 17వ శతాబ్దం చివర ఆమ్‌స్టర్‌డామ్‌లో పెట్రోనెల్లా ఊర్ట్‌మన్ అనే సంపన్నురాలు చేయించుకున్న బొమ్మరింటికి, అదే ఊళ్లో కాలువ ఒడ్డున అసలు ఇల్లు కొనగలిగినంత ఖర్చయిందని చెబుతారు. ఇప్పుడది అక్కడి రైక్స్‌మ్యూజియంలో ఉంది. అందులో వంటగదులు రెండు: ఒకటి వండడానికి, ఇంకొకటి పింగాణీ సామాను చూపించుకోవడానికి. పొయ్యే వెలగని ఇంట్లో, వండకుండా ఉంచుకోవడానికి మరో వంటగది! నాగరికత అక్కడికి చేరాక ఇంకెక్కడికీ పోనక్కర్లేదు.

ఇక దీపాలు. అసలైన భక్తులెవరో తేలేది ఇక్కడే. ఒకప్పుడు 12 వోల్టుల చిట్టి బల్బులు వాడేవారు. పరిమాణాన్ని బట్టి వాటికి గోధుమగింజ బల్బు, బియ్యపుగింజ బల్బు అని పేర్లు. ఆ వంటగదిలోకి చేరిన ధాన్యం అదొక్కటే. అవి వేడెక్కేవి, మాడిపోయేవి. ఇప్పుడు ఎల్ఈడీలు వచ్చాయి. తెల్ల ఎల్ఈడీకి 3 వోల్టులు చాలు. దాన్ని 12 వోల్టుల డీసీ అడాప్టర్‌కు కలపాలంటే మధ్యలో కరెంటును అదుపుచేసే 470 ఓముల రెసిస్టర్ ఉండాలి. మరిచిపోతే దీపం క్షణకాలం దివ్యంగా వెలిగి కన్నుమూస్తుంది. ప్లస్సు, మైనస్సు తారుమారైతే ఆ క్షణమైనా వెలగదు. తీగలు కనిపిస్తే పాతకాలమన్న భ్రమ చెడుతుంది కాబట్టి, గోడ మీద పల్చని రాగి టేపును రెండు పట్టీలుగా అతికించి, దాని పైన ఆ కాలపు గోడకాగితం అంటిస్తారు. కాగితం ఆరి, బల్లలూ కుర్చీలూ జిగురుతో స్థిరపడ్డాక గానీ కరెంటు రావడం లేదని తెలియదు. అప్పుడు అంత అందమైన కాగితంలోంచి సూదులు గుచ్చుతూ, కరెంటు ఎక్కడిదాకా వచ్చి ఆగిందో వెతకాలి. పొయ్యిలో నిప్పుకు వేరే ఏర్పాటు: నలగగొట్టిన నిజమైన బొగ్గు, నారింజరంగు పూసిన రెసిన్ ముక్కలు, వాటి అడుగున మిణుకుమనే ఎల్ఈడీ. మిణుకు మరీ క్రమం తప్పకుండా ఉంటే నిప్పులా కాక పెళ్లిపందిరి సీరియల్ సెట్టులా ఉంటుంది.

ఇంతా చేసి స్విచ్చి వేశాక ఒక సిద్ధాంత సమస్య ఎదురవుతుంది. ఆ కాలపు నేలమాళిగలో ఇంత వెలుగు లేదు. కిటికీ వీధిమట్టానికి దిగువన ఉండేది కాబట్టి పగలే అరకొర వెలుతురు. చీకటి పడితే నూనెదీపమో, గ్యాసుమంటో, కొవ్వొత్తో. ఇంగ్లండ్‌లో నార్తంబర్లాండ్‌లోని క్రాగ్‌సైడ్ భవనంలో 1878లోనే జలవిద్యుత్తుతో దీపం వెలిగించారు. వెలిగింది వంటగదిలో కాదు, యజమాని చిత్రపటాల గదిలో. కాబట్టి చరిత్రకు కట్టుబడితే బొమ్మ వంటగదిలో ఏదీ కనిపించదు. రాగిగిన్నెలు కనిపించకపోతే కట్టినవాడి కష్టం కనిపించదు. అందువల్ల చరిత్రే కాస్త పక్కకు జరుగుతుంది. వెలుగు రంగును కొలిచే లెక్కలో 2,700 కెల్విన్‌ల వెచ్చని పసుపు కాంతి గది మూలమూలకూ పాకుతుంది. ఆలస్యంగానైనా ఆ వంటగదికి న్యాయం జరిగింది. దక్కింది గిన్నెలకు.

పాలకులు ఈ విషయంలో ఎప్పుడో దారి చూపారు. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక, తిరిగొచ్చిన సైనికులకు మంచి ఇళ్లు ఇస్తామన్న మాట కోసం బ్రిటిష్ ప్రభుత్వం 1919లో గృహనిర్మాణ చట్టం తెచ్చి, 5 లక్షల ఇళ్లు కట్టాలని లక్ష్యం పెట్టుకుంది. ఖర్చు మోయలేమంటూ 1921లో దానికి కోత పెట్టింది. లక్ష్యంలో సగం కూడా పూర్తి కాలేదు. అదే 1921లో మేరీ మహారాణి బొమ్మరింటి పని మొదలైంది. కట్టే బాధ్యత ఎవరిది? ఢిల్లీలో వైస్రాయ్ భవనం, అంటే నేటి రాష్ట్రపతి భవన్, కడుతున్న ఎడ్విన్ లట్యెన్స్‌దే. దాదాపు 1,500 మంది చేతిపనివాళ్లు, కళాకారులు చేయివేయగా 1924కు ఇల్లు పూర్తయింది. కరెంటు దీపాలు, పనిచేసే లిఫ్టులు, కుళాయిల్లో వేడినీళ్లు, చన్నీళ్లు, నీళ్లు వదిలే మరుగుదొడ్లు, చిట్టి సీసాల్లో నిజమైన వైన్. లండన్ దగ్గర వెంబ్లీలో పెట్టిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనలో దాన్ని 16 లక్షల మంది చూశారు. తమ ఇంట్లో లేని వేడినీటి కుళాయిని వాళ్లలో చాలామంది అక్కడే చూసి ఉంటారు. టిక్కెట్ల డబ్బు ధర్మకార్యాలకు వెళ్లిందన్నదీ ఒప్పుకోవాలి. సైనికుల విషయంలో మాట తప్పినా బొమ్మల విషయంలో తప్పలేదు. తప్పు సైనికులదే. ఆరడుగుల ఎత్తున నిలబడి ఇల్లు కావాలంటే ఏ ఖజానా తట్టుకుంటుంది? ఆరంగుళాలకు తగ్గి అడిగి ఉండాల్సింది.

మన పిల్లలకూ ఒక చిట్టి వంటిల్లు ఉండేది. ఏటికొప్పాక లక్కపిడతల్లో అటుకులూ బెల్లమూ కలిపి గుజ్జనగూళ్లు వండి, ఆకుల్లో వడ్డించి, వద్దని పారిపోయేవాడిని కూడా పట్టుకొచ్చి తినిపించేవారు. కొలతా లేదు, కాలమూ లేదు. పిడత కన్నా గరిటె పెద్దది. పొయ్యి వెలుగుతోందని అందరూ నమ్మాలి, అంతే. అలాంటి వంటగది ప్రదర్శనకు ఎంతమాత్రం పనికిరాదు. అందులో మనుషులు మరీ ఎక్కువ.

బొమ్మరింట్లో అసలు చిక్కు మనుషులతోనే. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో నార్సిసా థోర్న్ అనే ఆవిడ 1930లలో చేయించిన 68 చిట్టి గదులున్నాయి. కిటికీల అవతల దీపాలు దాచి, లోపలికి ఎండ పడుతున్నట్టు చేశారు. ఏ గదిలోనూ మనిషి బొమ్మ లేదు. కావాలనే పెట్టలేదు. బొమ్మ పెడితే అది బొమ్మరిల్లని తెలిసిపోతుంది, పెట్టకపోతే నిజమైన గదే అనిపిస్తుంది. తెరిచిన పుస్తకం, పక్కన పెట్టిన కళ్లద్దాలు చూపి, ఇప్పుడే ఎవరో లేచి అవతలికి వెళ్లారన్న భ్రమ కలిగించడమే ఈ విద్యలో నేర్పు. 1891 జనాభా లెక్కల ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లలో పరుల ఇళ్లలో పనిచేసే స్త్రీలు 12 లక్షలకు పైనే. బొమ్మ వంటగదులను బట్టి చూస్తే వాళ్లందరూ ఇప్పుడే లేచి అవతలికి వెళ్లారు.

వంటగదిలో మనిషిని ఉంచే ధైర్యం చేసినావిడ అమెరికాలో ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ. పోలీసులకు నేరపరిశోధన నేర్పడానికి 1940లలో ఆమె ఇదే పన్నెండో వంతు కొలతలో గదులు చేయించింది. వాటిలో ఒకటి వంటగది. గ్యాస్ పొయ్యి, తలుపు సందుల్లో కుక్కిన వార్తాపత్రికలు, నేల మీద ఇల్లాలు. చనిపోయి ఉంది. ఆ గదుల్లోని పాత బల్బులు వేడెక్కి సామాను పాడవుతోందని, 2017లో వాషింగ్టన్‌లో ప్రదర్శన పెట్టేముందు నిపుణులు శ్రమపడి ఎల్ఈడీలు అమర్చారు. వెలుగు రంగు మాత్రం పాత బల్బులదే అనిపించేలా జాగ్రత్తపడ్డారు. ఇల్లాలు ఎక్కడ పడి ఉందో అక్కడే ఉంది.

అయినా మా వంటగదిలో బతికున్న మనిషి ఉండి తీరాలని ఎవరైనా పట్టుబడితే, పనిపిల్ల బొమ్మలు దొరక్కపోవు. అయిదడుగుల మనిషికి అయిదంగుళాల బొమ్మ చూసుకోవాలి. చేతులు ఊరికే వేలాడేసుకున్నది వద్దు, ఖాళీగా ఉంచితే ఆ కాలపు యజమానురాలు ఒప్పుకోదు. చేతిలో బొగ్గుబుట్ట జిగురుతో అతికించి, ముఖం పొయ్యి వైపు, వీపు మన వైపు ఉండేలా నిలబెట్టాలి. ముఖం కనిపిస్తే చూడవచ్చినవాళ్లు రాగిగిన్నెలను వదిలేసి ఆమెనే చూస్తూ, పేరేమిటి, ఎన్నింటికి లేస్తుంది, ఎప్పుడు తింటుంది అని అడగడం మొదలుపెడతారు. గిన్నెలకు పెట్టిన డబ్బంతా వృథా.