మా బావ ఇంజెక్షన్, అక్క ప్రదక్షిణలు

మగాడికి వయసు రాదని మనం ఎప్పుడో తేల్చేశాం కాబట్టి దాని మీద మళ్లీ చర్చ అనవసరం. ఆడపిల్లకి ముప్పై దాటితే పాలబ్బాయి కూడా "ఏమైనా విశేషమా అమ్మా" అంటాడు, యాభై ఏళ్ల పెద్దమనిషి రెండో పెళ్లికి తయారైతే మాత్రం "మగాడికేంటండీ" అంటాం. తండ్రి వయసు ఏడాది పెరిగితే బిడ్డకి వెళ్లే కొత్త మ్యుటేషన్లు (జన్యువుల్లో మార్పులు) ఓ రెండు పెరుగుతాయని 2012లో ఐస్‌లాండ్‌లో లెక్క తేల్చారు, సరే, అది ఐస్‌లాండ్ మగాళ్ల ఖర్మ, మనం ముద్దపప్పు నెయ్యి తిన్న ఒళ్లు. మన 2021 ఏఆర్‌టీ చట్టం కూడా ఐవీఎఫ్ లాంటి సంతాన వైద్యానికి మగాడికి 55 దాటకూడదంది, ఇది మగజాతికి జరిగిన అన్యాయం అని నా అభిప్రాయం.

మా బావకి 43. పెళ్లయి ఆరేళ్లు, పిల్లల్లేరు. అక్కకి థైరాయిడ్, ఏఎంహెచ్ (అండాలు ఏమాత్రం మిగిలాయో చెప్పే రక్తపరీక్ష), స్కాన్లు, ట్యూబుల టెస్టు అన్నీ అయ్యాయి, ఆ ట్యూబుల టెస్టు రోజు ఆటోలో పొట్ట పట్టుకుని ముడుచుకుని కూర్చుంది. అది కాక మంగళవారం మంగళవారం గుళ్లో రావిచెట్టు చుట్టూ 108, లెక్క తప్పకుండా గుప్పెట్లో చింతగింజలు, చుట్టుకొకటి వదుల్తది. బావేమో బయట బైక్ మీద కూర్చుని ఫోన్ చూస్కుంటాడు. ఆయనకి రాసింది ఒకే ఒక్క డబ్బా టెస్టు, అంటే డబ్బాలో వీర్యం పట్టి ఇవ్వడమే, అన్నిట్లోకీ చీప్, సూది లేదు, నొప్పి లేదు. "నాకేం తక్కువ?" అన్నాడు. తక్కువేం లేదని నిరూపించడానికి జిమ్ ట్రైనర్ మాట మీద టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ ఇంజెక్షన్లు మొదలెట్టాడు, మూడు నెలల్లో టీషర్ట్ చేతులు పట్టడం మానేశాయి.

ఇక్కడే చిన్న తిరకాసుంది. బయట నుంచి సరుకు దిగుతుంటే మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి ఎందుకు కష్టపడుద్ది, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే సంకేతాల హార్మోన్లు పంపడం ఆపేస్తది, అవి రాకపోతే వృషణాలు షట్టర్ దించేస్తాయి, రక్తంలో హార్మోన్ ఫుల్లు, వీర్యంలో కణాలు నిల్లు. (నిజంగా హార్మోన్ లోపమున్నోళ్ల వైద్యం వేరే సంగతి, పిల్లలు కావాలంటే డాక్టర్లు వాళ్లకి హెచ్‌సీజీ లాంటి వేరే మందులిస్తారు.) అసలు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ హార్మోన్‌నే వారానికి 200 మిల్లీగ్రాములు ఇచ్చి మగాళ్ల గర్భనిరోధకంగా టెస్ట్ చేసింది, 1990లో ఫలితాలొచ్చాయి, బానే పనిచేసింది కూడా. అంటే ఒకే ఇంట్లో బావ ఫ్యామిలీ ప్లానింగ్ పాటిస్తున్నాడు, అక్క చెట్టు చుట్టూ తిరుగుతోంది.

యవ్వనం పిచ్చి కొత్తదేం కాదులెండి. 1889లో పారిస్‌లో బ్రౌన్ సెకార్డ్ అనే 72 ఏళ్ల ప్రొఫెసర్ కుక్కల వృషణాల రసం ఒంట్లోకి ఎక్కించుకుని బలమొచ్చిందని సభలో చెప్పుకున్నాడు. మన యయాతి అంతకన్నా తెలివైనోడు, ముందు ఐదుగురు కొడుకుల్ని కని, తర్వాత పూరుణ్ణి యవ్వనం అడిగాడు. మా బావ ఆర్డర్ తిరగేశాడు.

చివరికి డబ్బా టెస్టు చేయించారు. రిపోర్టులో సున్నా. ఇంజెక్షన్ ఆపితే కణాలు మళ్లీ తయారవడానికి నెలలు పడుతుందని, కొందరికి ఏడాది కూడా దాటుతుందని డాక్టరమ్మ చెప్తుంటే బావ "జిమ్‌కి ఏడాది డబ్బులు కట్టేశానండీ" అన్నాడు.

ఇంటికొచ్చాక అక్క వాళ్ల అత్తగారు ఆ కాగితం అటు తిప్పి ఇటు తిప్పి చూసి, కళ్లజోడు తీసి, అక్కతో అంది: "ప్రదక్షిణల్లో ఎక్కడో లెక్క తప్పుంటావే."